సువర్చల పేరు మీద ఖాళీ ఫోల్డర్లు

గట్ల పరిరక్షణ శాఖ అని ఒకటుందని మీకు తెలియకపోతే అందులో మీ తప్పేమీ లేదు. చాలా గట్లకే తెలియదు. అయినా ఆ శాఖకు రాష్ట్రం మొత్తానికి ఒక కమిషనరూ, జిల్లాకో డిప్యూటీ డైరెక్టరూ, ఆ డైరెక్టరు గది గుమ్మం మీద ఒక ఎర్ర బల్బూ ఉన్నాయి. కాలవ గట్టో, చెరువు గట్టో, ఏదైనా సరే, అది నిన్న ఎంత ఎత్తుందో ఇవాళా అంతే ఎత్తుందని రాసి పైకి పంపడం వాళ్ల పని. గట్టు తెగితే చూసుకోవడానికి వేరే శాఖ ఉంది. తెగనంతకాలం వీళ్లే చూసుకుంటారు.

అలాంటి శాఖకు నరసరావుపేటలో ఉన్న జిల్లా కార్యాలయంలో సువర్చల సీనియర్ అసిస్టెంటు. ఆవిడ భర్త మాలకొండయ్య కావలిలో సోషల్ మాస్టారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయనక్కడ, ఈవిడిక్కడ. శనివారం సాయంత్రం బస్సెక్కి సోమవారం తెల్లారేసరికి బస్సు దిగే కాపురం వాళ్లది. భార్యాభర్తల కోటాలో బదిలీ చేయండి మహాప్రభో అని ఆవిడ ఏటా దరఖాస్తు పెట్టడం, అది ఏటా ఎవరి బల్ల కిందో నిద్రపోవడం మామూలైపోయింది. ఈ ఏడు ఎవరి మనసు కరిగిందో గానీ ఉత్తర్వు వచ్చేసింది. నెలాఖరులోగా కావలి డివిజన్ ఆఫీసులో చేరాలి. చేరకపోతే బదిలీ దానంతటదే రద్దయిపోతుందని కూడా అందులోనే రాశారు.

ఈ సంగతి ఆవిడ ఫోనులో చెప్పింది. మాలకొండయ్య వెంటనే, "ఇంట్లో ఉన్నది ఒక్క ఫ్యానే సువర్చలా. వంటింట్లోకి ఇంకోటి కొననా?" అని అడిగాడు. వంటింట్లో ఫ్యాను గురించి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించని మనిషి. సువర్చలకు కళ్లు చెమర్చాయి. ముందు నన్ను రానివ్వండి, తరవాత కొందురుగాని అంది.

ఆ శాఖలో బదిలీ అయినవాళ్లను ఊరికే వదలరు. ఆ మనిషి పేరు మీద ఒక్క ఫైలు కూడా పెండింగు లేదని డిప్యూటీ డైరెక్టరు సంతకం చేయాలి. సువర్చలకు ఆ బెంగ లేదు. ఆవిడ బల్ల మీద ఫైలు రెండో పూట చూడదు. తన ఫైళ్లన్నీ ముగించేసి, బీరువా తాళాలు తుడిచి, తోటివాళ్లకు సున్నుండలు కూడా పంచిపెట్టేసింది. ఆ వారంలోనే ఆఫీసులోకి 'గట్టుమిత్ర' వచ్చింది.

గట్టుమిత్ర అంటే మనిషి కాదు, సాఫ్టువేరు. పెద్దాఫీసు వాళ్లు తయారు చేయించి అన్ని జిల్లాలకూ పంపారు. ఇక మీదట హాజరు వేయాలన్నా అందులోనే, సెలవు అడగాలన్నా అందులోనే, గట్టు ఎత్తు రాయాలన్నా అందులోనే అన్నారు. ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ తెరిచిన ప్రతిసారీ అది తెర మీద 'గట్టు వివరాలు' అనే ఫోల్డరు ఒకటి పెట్టి కూర్చునేది. లోపల చూస్తే ఏమీ ఉండదు. మళ్లీ తెరిస్తే ఇంకొకటి. ఎవరు తెరిస్తే వాళ్ల పేరు మీద. పొద్దున హాజరుకి తెరిచి, సాయంత్రం వెళ్లొస్తామని చెప్పడానికి తెరిచేసరికి, మనిషికి కవల పిల్లలు పుట్టినట్టు రెండేసి ఫోల్డర్లు మిగిలేవి. వాటన్నిటినీ లెక్కేసి, తెర పైభాగాన ఎర్రక్షరాల్లో 'మీ వద్ద పెండింగు' అని చూపించేది ఆ మిత్ర.

సువర్చల మొదట పెద్దగా పట్టించుకోలేదు. ఇల్లు ఊడ్చినట్టే రోజూ సాయంత్రం ఫోల్డర్లన్నీ తుడిచేసి ఇంటికెళ్లేది. నాలుగో నాడో అయిదో నాడో ఆవిడ చేతికి మెమో వచ్చింది. "ప్రభుత్వ ఫోల్డర్లను ముందస్తు అనుమతి లేకుండా తొలగించుట రికార్డుల ధ్వంసం కిందికి వచ్చునని ఇందుమూలముగా తెలియజేయడమైనది. మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను" అని ఉంది అందులో. ఖాళీవి కదండీ అని ఆవిడ జవాబు రాసింది. దాంతో డిప్యూటీ డైరెక్టరు గది మీద ఎర్ర బల్బు వెలిగింది.

డిప్యూటీ డైరెక్టరు ఫణిభూషణం గారు చెడ్డవాడు కాదు. ఆయన ఎవరికీ హాని తలపెట్టి ఎరగడు. మేలు కూడా తలపెట్టి ఎరగడు. రూల్సు పుస్తకంలో లేని గాలి తన గదిలోకి రాకూడదని కిటికీ కూడా మూసి ఉంచుకునే రకం.

"అమ్మా సువర్చలా, మీరు ఖాళీ అంటున్నారు" అన్నాడాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "ఖాళీ అని నిర్ధారించే అధికారం మీకు ఏ జీవో ద్వారా సంక్రమించింది?"

ఆయనే ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఫోల్డరు అంటే ఫైలు. ఫైలంటూ పుట్టాక అందులో విషయం ఉన్నట్టే లెక్క. విషయం కనపడకపోతే అది చూసేవాళ్ల లోపం తప్ప ఫైలు లోపం కాదు. కాబట్టి తుడిచేసినవన్నీ తిరిగి యథాస్థానంలో పెట్టించాలి. ఆ తరవాత ఒక్కొక్కదాని మీద తగు చర్య తీసుకుని ముగించుకుంటే, నిమిషంలో రిలీవ్ చేసి పంపిస్తానని మాటిచ్చాడు.

కంప్యూటర్లు చూసే నాగుల్ మీరా వచ్చి తుడిచేసినవన్నీ వెనక్కి తెచ్చాడు. తెస్తున్నప్పుడు గట్టుమిత్రను తెరవాల్సి వచ్చింది గనక సువర్చల పేరు మీద ఇంకొన్ని పుట్టాయి. అతనికే జాలేసి, ఎవరూ లేకుండా చూసి, సెట్టింగుల్లోకి తీసుకెళ్లి చూపించాడు. అక్కడ చిన్న గడి. 'తెరిచినప్పుడల్లా ఫోల్డరు తయారు చేయాలి' అని దాని పక్కన రాసి ఉంది. గడిలో టిక్కు. ఆ టిక్కు తీసేస్తే ఇంక ఫోల్డర్లు పుట్టవు. ఇది ఆఫీసులో అందరికీ తెలుసునట, తీసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదట.

సువర్చల తీసేసింది. ఆ ఒక్క పూట తెర కడిగిన వాకిలిలా ఉంది. మర్నాడు పొద్దున్నే పెద్దాఫీసు నుంచి నేరుగా మెమో. ఆ టిక్కు శాఖ విధాన నిర్ణయమనీ, దాన్ని తీసివేయుట విధానాన్ని ధిక్కరించుటేననీ, టిక్కును పునఃప్రతిష్ఠించి ఆ మేరకు ఫొటో పంపాలనీ. పునఃప్రతిష్ఠ అన్నారు గనక ఫణిభూషణం గారు మంచి గడియ చూసి, తాను పక్కన నిలబడి, నాగుల్ మీరా చేత ఆ టిక్కు పెట్టించి ఫొటో తీయించాడు. ఫొటోలో సువర్చల కూడా ఉండాలన్నారు. ఉంది. ఆ మొహం చూస్తే ఎవరైనా అది టిక్కు ఫొటో అనుకోరు, పోలీసు స్టేషన్‌లో తీసిన ఫొటో అనుకుంటారు.

ఇంక మిగిలింది ఒక్కొక్క ఫోల్డరు మీదా తగు చర్య తీసుకోవడం. పేరు 'గట్టు వివరాలు' అని ఉంది గనక అది ఏదో ఒక గట్టుకు సంబంధించినదే అయి ఉండాలి. ఏ గట్టుదో లోపల లేదు గనక, వరస ప్రకారం ఒక్కో ఫోల్డరుకు ఒక్కో గట్టు కేటాయించమన్నాడు డిప్యూటీ డైరెక్టరు. ఫీల్డు వాళ్లు జీపు వేసుకుని ఆ గట్ల మీదికి వెళ్లారు. ఏం చూడాలో వాళ్లకు తెలియదు. మినప చేలో కలుపు తీస్తున్న ఒకావిడ, ఏం పోగొట్టుకున్నారయ్యా అని అడిగితే, ఏదైనా ఉందేమో చూడ్డానికొచ్చామమ్మా అని చెప్పారట. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్విందట. వాళ్లు తిరిగొచ్చి, "ఫోల్డరునందు లేనటువంటి విషయము గట్టుమీద కూడా లేదని క్షేత్రస్థాయిలో ధ్రువీకరించడమైనది" అని నివేదిక ఇచ్చారు.

నివేదిక చక్కగానే ఉంది. కాకపోతే దాన్ని ఎక్కించడానికి సువర్చల గట్టుమిత్రను తెరవాలి. తెరిచింది. ఒక ఫోల్డరు ముగిసింది, ఒక ఫోల్డరు పుట్టింది. ఎర్రక్షరాల అంకె ఉన్నచోటే ఉంది. ఇంకొకటి ముగించింది. ఇంకొకటి పుట్టింది. ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఆ రోజు ఫోనులో మాలకొండయ్య, పోనీ సెలవు పెట్టేసి వచ్చెయ్యి, ఆ దరిద్రాన్ని తెరవకుండా ఉంటే పెరగవుగా అన్నాడు. మంచి ఆలోచనే. ఆవిడ వెళ్లి అడిగితే సెలవులో ఉన్న మనిషిని రిలీవ్ చేయడానికి రూల్సు ఒప్పుకోవని తేలింది. రిలీవ్ కావాలంటే ఆ రోజు డ్యూటీలో ఉండాలి. డ్యూటీలో ఉండాలంటే హాజరు వేయాలి. హాజరు వేయాలంటే గట్టుమిత్రను తెరవాలి. తెరిస్తే ఏమవుతుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నువ్వు రావులే" అన్నాడు మాలకొండయ్య ఆ సంగతి విని. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. నెలాఖరు ఇంకెంతో దూరం లేదు.

ఇలా ఉండగా ఆఫీసులో పండగ వాతావరణం వచ్చింది. ఏ జిల్లా పేరు మీద ఎన్ని ఫోల్డర్లు ఉన్నాయో లెక్కేసి పెద్దాఫీసు వాళ్లు రాంకులు ప్రకటించారు. తుడవడం, వెనక్కి తేవడం, తనిఖీలు, నివేదికలు, ఇన్ని జరిగాయి గనక నరసరావుపేటకు రాష్ట్రంలో మొదటి రాంకు వచ్చింది. అందులో సింహభాగం సువర్చలదే. ఫణిభూషణం గారు జీవితంలో మొదటిసారి కిటికీ తెరిపించాడు. ఆ రాంకు నిలుపుకోవడానికి సిబ్బంది అంతా ఖాళీగా ఉన్నప్పుడల్లా గట్టుమిత్రను తెరిచి మూస్తూ ఉండాలని మౌఖికంగా ఆదేశించాడు. ఆ శాఖలో ఖాళీ సమయానికి కరువా? పొద్దస్తమానం టకటకమని అదే చప్పుడు. గట్ల ఎత్తు రాసేవాళ్లు కరువైపోయారు. అదేమిటని ఏ గట్టూ వచ్చి అడగలేదు.

సువర్చల వెళ్లి, అయ్యా, రాంకు వచ్చింది కదా, ఇప్పుడైనా నన్ను వదలండి అని బతిమాలింది. ఆయన మొహం నొచ్చుకున్నట్టు పెట్టాడు. మీలాంటి ఉత్తమ ఫోల్డరు నిర్వాహకురాలిని వదులుకోవడం జిల్లా ప్రయోజనాల రీత్యా వాంఛనీయం కాదన్నాడు. అదీగాక కమిషనరు గారు స్వయంగా వచ్చి మీకు శాలువా కప్పబోతున్నారు, ఈ సమయంలో కావలి మాట ఎత్తితే బాగుండదమ్మా అన్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. శాలువా మీరే కప్పుకోండి అని నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది.

కమిషనరు గారు వచ్చారు. షామియానా, పూలదండలు, గట్టు ఆకారంలో కేకు, అన్నీ అయ్యాయి. ఆయన మాట్లాడుతూ, ఒకప్పుడు ఫైలులో ఏముందని అడిగేవారనీ, ఇవాళ ఫైలు ఉందా అని అడుగుతున్నామనీ, పరిపాలనలో ఇదొక విప్లవమనీ సెలవిచ్చారు. సువర్చలకు శాలువా కప్పారు. మే నెల ఎండలో ఉన్ని శాలువా. తరవాత సిబ్బందికి ఉత్సాహం కలిగించడానికి తానే స్వయంగా తన పేరుతో గట్టుమిత్రను తెరిచి పెద్ద తెర మీద చూపించారు. చూపిస్తూ ఉత్సాహం పట్టలేక మూసి తెరిచి, మూసి తెరిచి, చప్పట్లు ఆగేదాకా తెరుస్తూనే ఉన్నారు. ఫోల్డర్లు బుడబుడమని పుట్టుకొచ్చాయి. పైన ఎర్రక్షరాల్లో 'మీ వద్ద పెండింగు' అని వచ్చింది.

కమిషనరు గారి పి.ఏ. వేదిక ఎక్కి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తరవాత తెలిసిందేమిటంటే, ఆయనకు ఢిల్లీలో పెద్ద పదవి ఖాయమైంది, వారంలో అక్కడ చేరాలి. ఆయన శాఖ రూలు ఆయనకూ వర్తిస్తుంది. భోజనం కూడా చేయకుండా కారెక్కి వెళ్లిపోయారు. ఆయన కోసం చేయించిన బొబ్బట్లు సిబ్బంది తిన్నారు.

మర్నాడే సర్క్యులరు వచ్చింది. సువర్చల పరుగున వెళ్లి చదివింది. పీడ విరగడైందనే అనుకుంది పాపం. అందులో ఇలా ఉంది: "కమిషనరు హోదా, ఆపై హోదా కలిగిన అధికారుల పేరిట ఉన్న ఖాళీ ఫోల్డర్లను ఖాళీగానే పరిగణించి, పెండింగు లెక్కనుండి మినహాయించడమైనది. ఇతర సిబ్బంది విషయంలో పాత నిబంధనలే యథాతథంగా అమలులో ఉండును."

ఆవిడ ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒకే ఫోల్డరు. అదే పేరు, లోపల అదే ఏమీ లేకపోవడం. ఆయన దగ్గరుంటే ఖాళీ, ఈవిడ దగ్గరుంటే పెండింగు. ఇక ఆపుకోలేక అందరూ చూస్తుండగానే ఏడ్చేసింది. నాగుల్ మీరా మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నెలాఖరు ఎల్లుండి.

ఏడుస్తూనే ఆవిడ ఆ కాగితం ఇంకోసారి చదివింది. ఏడుపు ఆగింది. ఆ శాఖలో అటెండరు నుంచి డైరెక్టరు దాకా ప్రతివాళ్లకూ వెన్నతో పెట్టిన విద్య ఒకటుంది. ఏ ఫైలు మీదైనా ఏం చేయాలో తోచకపోతే, కింద ఒక వాక్యం రాసి పైకి తోసేయడం. తోసేశాక అది మన దగ్గర లేనట్టే. పైవాళ్లకు ఫైలు పంపొద్దని చెప్పే రూలు ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ తేలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్చుకున్న ఆ విద్య ఇన్నాళ్లూ గుర్తు రానందుకు ఆవిడ తన్ను తానే తిట్టుకుంది. మనిషి సొంతంగా పని పూర్తి చేయాలనుకుంటే వచ్చే తిప్పలే ఇవన్నీ.

కన్నీళ్లు తుడుచుకుని కూర్చుంది. తన పేరు మీదున్న ఫోల్డర్లన్నీ ఎంచి, కింద ఒకే వాక్యం టైపు చేసింది: "కమిషనరు గారి పరిశీలనార్థం, తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది." పంపించు అని నొక్కింది. అన్నీ పైకి పోయాయి. అక్కడికి చేరగానే, ఆయన హోదా వల్ల, ఖాళీ అయిపోయాయి. పైన ఎర్రక్షరాలు మాయమై, 'మీ వద్ద పెండింగు లేదు' అని పచ్చగా వచ్చింది. ఆవిడ మళ్లీ ఎక్కడ ముట్టుకుంటే ఏం పుడుతుందోనని చేతులు ఒళ్లో పెట్టుకుని నాగుల్ మీరాను పిలిచి, తెరను ఫొటో తీయించింది.

ఫణిభూషణం గారు ఆ ఫొటో చూశాడు. సర్క్యులరు చూశాడు. రూల్సు పుస్తకం తీసి ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ తిప్పాడు. ఎక్కడా పట్టు దొరకలేదు. పైకి పంపడాన్ని తప్పనడానికి ఆయనకు నోరు రాలేదు, ముప్ఫయ్యేళ్లుగా ఆయన చేసిందంతా అదే. కలం తీసి రిలీవింగు ఆర్డరు మీద సంతకం పెట్టాడు. పెట్టి, ఆవిడ చేతికివ్వకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నాకు ఆగస్టులో రిటైర్మెంటు. నా పేరు మీద కూడా ఓ గంపెడున్నాయి. రోజూ చూసుకుని ఎవరికీ చెప్పుకోలేక ఛస్తున్నా. ఆ వాక్యం కాస్త రాసిస్తావా?"

సువర్చలకు ఆయన మీదున్న కోపమంతా దిగిపోయింది. ఇన్నాళ్లూ ఎర్ర బల్బు వెనక కూర్చున్నది కూడా తనలాంటి బందీయే అని అప్పుడు తెలిసింది. రాసిచ్చింది. ఆవిడ బయటికొచ్చేసరికి ఆ వాక్యం ఆఫీసంతా పాకిపోయింది. సాయంత్రానికి జిల్లాలో ఒక్క ఫోల్డరు లేదు, రాంకు అట్టడుగుకు పోయింది, ఎవరూ బాధపడలేదు.

ఆవిడ బస్సు దిగేసరికి కావలి బస్టాండులో మాలకొండయ్య నిలబడి ఉన్నాడు. వచ్చిందని నమ్మకం కుదరక ముందు సంచి తీసుకున్నాడు, తరవాత చెయ్యి పట్టుకున్నాడు. నడుస్తూ, అసలు ఇన్నాళ్లూ నిన్ను ఆపేసిన ఆ ఫైళ్లలో ఏముందే అని అడిగాడు. చెబుదామని ఆవిడ నోరు తెరిచింది. జరిగిందంతా నవ్వుతూ చెప్పేద్దామనుకుంది. ఏళ్ల తరబడి ఎక్కిన శనివారం బస్సులూ, ఆయన ఒక్కడే తిన్న రాత్రి భోజనాలూ, నువ్వు రావులే అన్న ఆ గొంతూ అన్నీ ఒక్కసారి అడ్డం పడ్డాయి.

"ఏమీ లేదండీ," అంది. "ఒట్టు, ఏమీ లేదు."

మాలకొండయ్య మరి అడగలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.